అన్నీ బూడిదరంగు తలుపులే

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలాడుకుంటున్న ఇద్దరూ నోళ్ళకి కాసేపు సెలవివ్వండి. ఫోన్లు జేబుల్లో పడుకోబెట్టండి. గుమ్మంలో నిలబడ్డాయనా, లోపలికైనా రా, బయటికైనా వెళ్ళు. అసలే ఇది తలుపుల కథ.

కూర్చున్నారా? సరే.

ఒక కాలనీ ఉంది. ఆ కాలనీలో రూల్స్ ఎంత గట్టివంటే, కాకి గోడమీద వాలి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, అరవకుండానే ఎగిరిపోయేది. మధ్యాహ్నం పూట కుక్కలకి మొరగాలనిపిస్తే గేటు బయటికి వెళ్ళి మొరిగి వచ్చేవి. అబద్ధమైతే ఆ కుక్కల్నే అడగండి.

అక్కడ ప్రతి ఇంటి తలుపూ బూడిదరంగే. గోడా బూడిదరంగే. కిటికీ తెర, కాళ్ళు తుడుచుకునే పట్టా, మొక్కల కుండీ, అన్నీ అదే రంగు. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో తీసిన ఇటుకల్లా ఉంటాయి. నంబర్లుండవా అంటారా? ఉంటాయి. బూడిదరంగు తలుపు మీద బూడిదరంగు నంబరు. ముక్కు ఆనిస్తే కనబడుతుంది. ముక్కు పొడుగు వాళ్ళకి అదీ కష్టమే.

ఆ కాలనీలోకి ఒక కుర్రాడు, వాళ్ళ నాయనమ్మ కొత్తగా అద్దెకి దిగారు. కుర్రాడి పని దుకాణాలకి బోర్డులు రాయడం. గోళ్ళలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది కాబట్టి అందరూ రంగులబ్బాయి అనేవాళ్ళు. ఇళ్ళు మారీ మారీ నాయనమ్మ కాళ్ళు అరిగిపోయాయి. "ఇదే ఆఖరి ఇల్లు నాయనమ్మా, ఇంక నీ చేత సామాను సర్దించను" అని మాటిచ్చి మరీ తీసుకొచ్చాడు.

వచ్చిన మర్నాడే వాన. మామూలు వాన కాదు, గొడుగు తెరిస్తే గొడుగే పరిగెత్తి చూరు కింద దాక్కునేంత వాన. రంగులబ్బాయి పని నుంచి తడుస్తూ వచ్చి, తలుపు తోసుకుని లోపలికి దూరి, కళ్ళలో నీళ్ళు కారుతుంటే చెయ్యి చాపి కేకేశాడు.

"నాయనమ్మా, తువ్వాలు!"

చేతిలో తువ్వాలు పడింది. తల తుడుచుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు. "ఇవాళ ఏం వండావే?" అంటూ కళ్ళు తెరిచాడు.

ఎదురుగా నాయనమ్మ లేదు. ఒక అమ్మాయి ఉంది. చేతులు కట్టుకుని, కనుబొమ్మలు నెత్తికెక్కించి చూస్తోంది.

"వంకాయలు తరుగుతున్నా. తమరికి ఇష్టమేనా?"

"మీరు... మా ఇంట్లో ఏం చేస్తున్నారు?"

"మీ ఇల్లు పక్క వరసలో. ఇది ప్రెసిడెంటు గారి ఇల్లు."

"ఏ ప్రెసిడెంటు?"

"కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు. మా నాన్న."

రంగులబ్బాయి గుండె జారి, తడి చెప్పుల్లో పడింది. అప్పుడే గమనించాడు, చెప్పులు కూడా విప్పలేదు. నేలంతా అతని అడుగులే.

"కొత్తవాళ్ళకి రూల్స్ చెప్పే పని నాదే," అంది ఆ అమ్మాయి. కాలనీ అంతా ఆమెని రూల్సమ్మాయి అనేది అందుకే. "రేపు మీ ఇంటికి రావాలనుకున్నా. ఇంత ఆత్రంగా మీరే వస్తారనుకోలేదు."

"చదువుకునే పిల్లాడిని కదండీ, బడికి ముందే వచ్చా."

నవ్వొచ్చింది ఆమెకి. ఆపుకుంది. అయినా ఒక బుగ్గ మాట వినలేదు.

"తువ్వాలు ఇచ్చి వెళ్ళండి."

"ఉతికి తెస్తా."

"అక్కర్లేదు. మీరు మళ్ళీ వేరే ఇంట్లో ఇచ్చొస్తారు."

ఒకళ్ళ ఇంట్లోకి చెప్పకుండా చొరబడితే ఫిర్యాదు రాయాలి, అది రూలు. కొత్తవాళ్ళ మీద మూడు ఫిర్యాదులు పడితే ఇల్లు ఖాళీ చెయ్యాలి, అదీ రూలే. రూల్సమ్మాయి ఆ రోజు రాయలేదు. పెన్ను కనబడలేదు అనుకుంది. పెన్ను జడలోనే ఉంది.

మర్నాడు వీధంతా తిప్పి చూపించింది.

"బట్టలు వెనకవైపే ఆరేయాలి. చొక్కాలు చేతులు ఊపకుండా క్లిప్పులు పెట్టాలి. కుండీలో పువ్వు పూస్తే కమిటీకి చెప్పాలి."

"మొగ్గగా ఉన్నప్పుడా, పూశాకా?"

"జోకులా?"

"కాదండీ, తెలుసుకుందామని. సరే, ఈ బూడిదరంగే ఎందుకు?"

"ఒద్దికగా ఉంటుందని."

"బూడిదరంగే ఎందుకు ఒద్దిక? నీలం ఏం అల్లరి చేసింది?"

ఇన్నేళ్ళలో ఎవరూ రూల్సమ్మాయిని ఎందుకు అని అడగలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి తలుపు వంక చాలాసేపు చూసింది. ఎందుకో మొదటిసారి అది తడిసిన పిల్లిలా కనబడింది.

ఇంక నాయనమ్మ సంగతి. ఆవిడకి మతిమరుపు లేదు. ఉన్నదల్లా ధైర్యం. నడకకి వెళ్ళి తిరిగొస్తూ, ఎదురుగా కనబడ్డ తలుపు మనదే అనుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడకి చదువు రాదు, నంబరుతో పని లేదు.

ఒకరోజు లాయరు గారింట్లోకి వెళ్ళి, వంటగది డబ్బాలన్నీ పొడుగువి వెనక, పొట్టివి ముందు సర్దేసింది. లాయరు కోర్టు నుంచి వచ్చి "ఎవరండీ మీరు?" అంటే, "బాగుంది వరస! నా ఇంటికొచ్చి నన్నే అడుగుతావా? కూర్చో నాయనా, మంచినీళ్ళిస్తా" అంది. ఒక ఫిర్యాదు.

ఇంకోరోజు సంగీతం టీచరమ్మ మంచం మీద హాయిగా నిద్రపోయింది. గురక శ్రుతిలో లేదని టీచరమ్మ రెండో ఫిర్యాదు రాయించింది.

ఇంక ఒక్కటి పడితే సామాను సర్దుకోవాల్సిందే.

రంగులబ్బాయి రూల్సమ్మాయి దగ్గరికి పరిగెత్తాడు.

"మా తలుపు మీద చిన్న గుర్తు వేసుకోనివ్వండి. ఒక్క పువ్వు. చిలక. పోనీ చిలక ముక్కు."

"కుదరదు. తలుపు మీద ఏదైనా మారాలంటే మీటింగులో అందరూ ఒప్పుకోవాలి. ఆదివారం మీటింగు ఉంది. కానీ నాన్న ఏమంటారో తెలుసా? ఇంతమంది ఎవరిళ్ళకి వాళ్ళు బుద్ధిగా వెళ్ళట్లేదా, మీకే ఎందుకు ఇబ్బంది, అంటారు."

"మరి నిజంగా, వాళ్ళంతా ఎలా వెళ్తున్నారు?"

ఆ ప్రశ్న వీధి మధ్యలో నిలబడిపోయింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మీరెలా వెళ్తారు?" అన్నాడు మెల్లగా.

"నాకేంటి, పుట్టి పెరిగిన ఇల్లు."

"అయినా?"

"నవ్వకూడదు."

"ఒట్టు."

"వీధి మొదట్లో కళ్ళు మూసుకుంటా. కళ్ళు తెరిస్తే తికమక. మూసుకుంటే కాళ్ళే తీసుకెళ్తాయి."

నవ్వనని ఒట్టేశాడు కదా, నవ్వలేదు. ఆ ఆపుకున్న నవ్వు అతని చెవుల్లోంచి ఆవిరిలా పోవడం నేను చూశాను. ఆమె తన చున్నీ కొంగుతో ఒకటిచ్చింది.

ఆ సాయంత్రం నుంచి ఇద్దరికీ ఒకటే ఆరా. ఎవరు కనబడితే వాళ్ళని అడగడం. మొదట అందరూ కోపగించుకునేవాళ్ళు. తర్వాత గొంతు తగ్గించేవాళ్ళు.

"గొళ్ళెం కింద చొక్కా బొత్తాం అతికించుకున్నానమ్మా," అన్నాడు లాయరు. "వేలు పెట్టి తడుముకుంటా. మీ నాన్నకి చెప్పకు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

సంగీతం టీచరమ్మ ప్రతి తలుపు ముందూ ఒక సరిగమ తీస్తుందట. తన తలుపు ఒక్కటే తిరిగి పలుకుతుందట.

పళ్ళ డాక్టరు కుక్కని ముందు వదులుతాడు. "అది ఎటు వెళ్తే అటు. ఒకసారి అది పొరపాటు పడింది. మొహమాటానికి ఇద్దరం అక్కడే భోంచేసి వచ్చాం."

మందుల షాపతనిది ఇంకా సులువు. "తాళంచెవి అన్ని తలుపులకీ పెట్టుకుంటూ పోతా. ఏది తెరుచుకుంటే అది మా ఇల్లు."

రూల్సమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. చెట్టు కింద నిలబడి, వాన చినుకులు ఆకుల మీంచి జారి ఆమె ముక్కు చివర వేలాడుతుంటే నవ్వింది. రంగులబ్బాయి ఆ చినుకునే చూస్తున్నాడు, పడుతుందా పడదా అని.

"ఏంటి, అలా చూస్తున్నారు?"

"మీ ముక్కు మీద కమిటీకి చెప్పకుండా ఒక చినుకు పూసింది."

ఆమె ముక్కు తుడుచుకుంది. బుగ్గల రంగు మాత్రం తుడుచుకోలేకపోయింది.

రాత్రి భోజనాల దగ్గర నాన్నని అడిగింది.

"నాన్నా, మన ఇల్లు నువ్వెలా గుర్తుపడతావు?"

ప్రెసిడెంటు గారు ముద్ద ఆపారు. "క్రమశిక్షణ! ఇంటాయనకి ఇల్లు తెలియకపోవడం ఏంటి? ఎవరడగమన్నారు, ఆ రంగులబ్బాయా?"

వాళ్ళమ్మ గరిటె అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

"ఆదివారం మీటింగులో అడగమను. ఈలోగా ఆ ముసలావిడ ఇంకో ఇంట్లో అడుగుపెట్టిందో, మీటింగు కూడా అక్కర్లేదు. ఖాళీ చెయ్యడమే. ఆ కాగితం రాయాల్సింది నువ్వే, గుర్తుంచుకో."

ఈ మాట మర్నాడు రంగులబ్బాయికి చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది. అతను ఇంటికెళ్ళి నాయనమ్మతో అన్నాడు.

"ఆదివారం దాకా గుమ్మం దాటకే."

నాయనమ్మ అతని వంక చూసింది. "ఏం, నన్ను చూసి ఎవరైనా జడుసుకున్నారా?"

"ఇల్లు పోతుందే."

ఆవిడ చెప్పులు తీసి మంచం కిందకి తోసేసింది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. పొద్దున చూస్తే అక్కడే, సాయంత్రం చూస్తే అక్కడే. గుమ్మం దాటనివ్వకుండా ఎవరో దారం కట్టి కూర్చోబెట్టినట్టు. నలుగురితో నాలుగు మాటలాడితే గాని ముద్ద దిగని మనిషి, అన్నం కూడా సగమే తింటోంది.

అది చూసి రంగులబ్బాయికి కడుపు మండింది. మంట వెళ్ళి రూల్సమ్మాయి మీద పడింది.

"మీ రూల్స్ చల్లగుండ! మా నాయనమ్మ నోరు మూయించగలిగిన మొదటి మనుషులు మీరే."

"రూల్స్ నేను పెట్టానా?"

"రాసేది మీరే కదా! ఆ పెన్ను మీ జడలోనే కదా ఉండేది!"

ఆమె జడలోంచి పెన్ను తీసి అతని చేతిలో పెట్టింది. "మొదటి రోజే మీ మీద రాయాల్సింది. రాయలేదు. ఎందుకో మీరే కనుక్కోండి. ఊరికే అన్నీ అడుగుతారుగా, ఇదీ అడగండి ఎవరినైనా!"

విసవిసా వెళ్ళిపోయింది. అతను పెన్ను పట్టుకుని వీధిలో నిలబడ్డాడు. ఎందుకు రాయలేదు? ఎందుకు? మనకి తెలుసు. అతనికి తెలియడానికి రెండు వీధులు నడవాల్సొచ్చింది. తెలిశాక మాత్రం ఒక్క పరుగు. బస్టాపు దగ్గర ఆమెని అందుకున్నాడు.

"నాకు తెలిసింది!"

"ఏం తెలిసింది?"

"చెప్తే... తప్పైతే?"

"తప్పైతే అప్పుడు ఫిర్యాదు రాస్తా. పెన్ను ఇటివ్వండి."

ఇచ్చాడు. చెప్పలేదు. ఇంతలో వాన. ఇద్దరూ ఆమె గొడుగు కింద కాలనీ వైపు నడిచారు. ఆ గొడుగు ఒక్కరికే సరిపోయేది. ఇద్దరూ తడవలేదు. ఎలా అని నన్నడక్కండి.

ఇక్కడ ఇలా ఉండగా, అక్కడ కాలనీలో ఏం జరిగిందో వినండి.

ప్రెసిడెంటు గారు బజారు నుంచి తిరిగొచ్చారు. వాన దంచుతోంది. వీధి మొదట్లో నిలబడి గట్టిగా దగ్గారు. ఆగారు. ఇంకోసారి దగ్గారు. ఆ దగ్గుకి మేఘాలు కూడా ఒక్క క్షణం ఆగాయి. వీధిలోంచి ఏ జవాబూ రాలేదు. మూడోసారి దగ్గబోతే నిజం దగ్గే వచ్చేసింది. తడిసి ముద్దై, ఈ వరసా ఆ వరసా తిరిగి, చివరికి తెరిచి ఉన్న ఒక తలుపులోకి వెళ్ళిపోయారు.

చొక్కా విప్పి కుర్చీ మీద ఆరేశారు. మంచం మీద వాలి, కళ్ళు మూసుకుని అన్నారు. "ఏమేవ్, కాస్త వేడి కాఫీ."

కిటికీ దగ్గర నాయనమ్మ తల తిప్పి చూసింది. ఎన్ని రోజుల తర్వాత ఒక మనిషి వచ్చాడు! ఆవిడ మొహం దీపం పెట్టినట్టైంది. ఎవరు, ఏంటి అని అడగలేదు. కాఫీ కలిపి తెచ్చింది. దుప్పటి కప్పింది. "తల తుడుచుకో నాయనా, జలుబు చేస్తుంది" అంది. ఆయన సగం నిద్రలో కాఫీ తాగి, "ఇవాళ కుదిరిందే కాఫీ!" అని మెచ్చుకుని మరీ పడుకున్నారు.

రంగులబ్బాయి, రూల్సమ్మాయి వచ్చేసరికి ఇదీ వరస.

"నాన్నా!"

ప్రెసిడెంటు గారు లేచి కూర్చున్నారు. కూతుర్ని చూశారు, కుర్రాణ్ణి చూశారు, మండిపడ్డారు.

"ఏవయ్యా! చెప్పా పెట్టకుండా నా ఇంట్లోకి వస్తావా? అమ్మాయ్, రాయి ఫిర్యాదు!"

"రాస్తా నాన్నా. ఎవరి మీద రాయను?"

"ఇతని మీద!"

"ఇది ఇతని ఇల్లే నాన్నా."

ఆయన గోడ చూశారు. తెర చూశారు. అన్నీ తన ఇంట్లో ఉన్నట్టే ఉన్నాయి. అప్పుడు నాయనమ్మని చూశారు. చేతిలోని ఖాళీ గ్లాసు చూశారు.

రూల్సమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ పొద్దున్నే చెల్లెలింటికి వెళ్ళింది.

"అమ్మా, నాన్న వేరే ఇంట్లో పడుకున్నాడు."

అవతల నవ్వు ఫోను దాటి గదంతా పరుచుకుంది. "అయ్యో! నేను ఇంట్లో లేనని మర్చిపోయారా? పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే కదే. వీధి మొదట్లో ఆయన దగ్గుతారు. నేను కిటికీ దగ్గర నిలబడి 'ఇటూ' అంటాను. ఎవరికీ చెప్పకని నా చేత ఒట్టేయించుకున్నారు!"

ప్రెసిడెంటు గారి చెవులు పండు మిరపకాయలయ్యాయి. అందరి చూపూ రూల్సమ్మాయి చేతిలో పెన్ను మీదే. ఇంటివాళ్ళు అడిగితే ఫిర్యాదు రాయాల్సిందే.

"నాయనమ్మగారూ, మీ ఇల్లు, మీ ఇష్టం. రాయమంటారా?"

"పోవే పిచ్చిదానా," అంది నాయనమ్మ. "వానలో తడిసొచ్చిన మనిషి మీద ఫిర్యాదేంటి? తలుపు ఉన్నదెందుకు, మనుషులు రావడానికే కదా. ఇంకో కాఫీ తాగుతావా నాయనా?"

ప్రెసిడెంటు గారు నెమ్మదిగా చొక్కా తొడుక్కుంటూ అడిగారు. "నాలుగు రోజులుగా మీరు బయట కనబడట్లేదేంటమ్మా?"

"నువ్వే వద్దన్నావట కదయ్యా."

ఆయన తల వంచుకున్నారు. రెండో కాఫీ తాగకుండా వెళ్ళలేకపోయారు.

ఆదివారం మీటింగులో లేచి నిలబడ్డారు. లోతుగా ఆలోచించాననబోయి, కూతురి చూపు తగిలి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. దగ్గు సంగతితో సహా. ముందు లాయరు తన బొత్తాం ఒప్పుకున్నాడు. తర్వాత కుక్క బయటికొచ్చింది. తర్వాత సరిగమ. ఒకళ్ళు మొదలెడితే ఇంకొకళ్ళు. నవ్వులకి ఆ హాలు పైకప్పు జానెడు పైకి లేచి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎవరి తలుపుకి వాళ్ళిష్టమైన రంగు అని చేతులెత్తారు. కొందరు ఉత్సాహంలో రెండు చేతులూ ఎత్తారు.

రంగులబ్బాయికి ఊపిరాడలేదు ఆ వారమంతా. లాయరుకి ఆకుపచ్చ. టీచరమ్మకి పసుపు. కుక్క ఏ రంగు డబ్బా దగ్గర తోకాడించిందో పళ్ళ డాక్టరుకి ఆ రంగు. నాయనమ్మ తలుపుకి ఎరుపు, మధ్యలో మనిషంత చిలక. ఆవిడ చెప్పులు మంచం కింద నుంచి బయటికొచ్చాయి. ఇప్పుడు కావాలనే అందరిళ్ళకీ వెళ్తోంది.

చివరికి ప్రెసిడెంటు గారి తలుపు మిగిలింది. రంగులబ్బాయి కుంచె పట్టుకుని నిలబడ్డాడు. రూల్సమ్మాయి గడప మీద కూర్చుంది.

"మీ తలుపుకి ఏ రంగు?"

"నాన్ననడుగు. ఇది ఆయన గుర్తుపట్టాల్సిన తలుపు."

మీరు పోయి నువ్వు వచ్చేసింది. అతను కుంచె డబ్బా మీదే ఆపి అడిగాడు.

"మరి నీకు?"

"నాకు చిలక ఉన్న తలుపు గుర్తుంటే చాలు."

కుంచె జారి డబ్బాలో పడింది. రంగు ఎగిరి ఆమె ముక్కు చివర వాలింది. ఈసారి ఆమె తుడుచుకోలేదు. అతను తుడిచాడు. ఇంకా ఎక్కువ పూశాడు.

"బస్టాపు దగ్గర చెప్పబోయావే, ఇప్పటికైనా చెప్తావా?" అంది.

"నేనంటే నీకిష్టమని తెలిసింది."

"అబ్బో! అది నేను చెప్పాలి. నీ సంగతి చెప్పు."

"నాదేముంది. ఆ రోజు తువ్వాలిచ్చినప్పుడే అయిపోయింది."

అప్పుడే లోపల్నుంచి పెద్ద దగ్గు వినబడింది. వెనకాలే వాళ్ళమ్మ గొంతు. "ఎందుకండీ దగ్గుతారు? విన్నాంగా. లోపలికి రమ్మనండి అల్లుణ్ణి, ఎంతసేపు గడప మీద?"

ప్రెసిడెంటు గారు బయటికొచ్చి, కూతురి ముక్కు మీది రంగు చూసి, కుర్రాడి వేళ్ళ మీది రంగు చూసి, "తలుపుకి కూడా ఇదే వెయ్యి" అన్నారు. అంతే, అదే ఆశీర్వాదం. అది నారింజ రంగు. నాయనమ్మ అక్కడికి అడగకుండానే వచ్చి ఇద్దరి నెత్తినా చెయ్యి పెట్టింది. ఇరుగు పొరుగంతా గుమిగూడి చప్పట్లు కొట్టారు.

ఆ గుంపులో చివరింటి పెద్దాయన ఒకడున్నాడు. ఆయన ఇందాకట్నుంచీ రంగు రంగుల తలుపుల్ని ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ, ఏదో లెక్క సరిచూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి నుదురు కొట్టుకుని అందరికీ వినబడేలా అన్నాడు.

"ఓరి నాయనోయ్! నేనుంటున్నది మా ఇల్లు కాదు, పక్కింటి వాళ్ళది! అదీ సంగతి, ఇన్నేళ్ళుగా నా చొక్కాలన్నీ ఎందుకు బిగుతుగా ఉంటున్నాయా అనుకుంటున్నా!"